గ్యాస్ తక్కువన్న మిషన్‌లో గ్యాస్ ఎక్కువ: కర్నూలులో ఒక ఇంటి డక్టబుల్ ఏసీ కేసు

ఈ కేసు కర్నూలు పట్టణంలోని ఒక ఇంటిది. ఇంటివారి గుర్తులు, వీధి, మిషన్ కంపెనీ, మాకంటే ముందు పనిచేసినవారి వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం పనినాడు నోటుపుస్తకంలో రాసుకున్నవే. కరెంటు వైరింగులోని లోపం, కాపర్ లైనులోని లోపం ఒకదాని వెనుక ఒకటి దాక్కుని, చూసినవారందరికీ "గ్యాస్ అయిపోయింది" అన్న ఒకే లక్షణంగా కనిపించడం వల్ల ఈ కేసును వివరంగా రాయాలనిపించింది.

నేపథ్యం

ఇల్లు రెండంతస్తులది. కింది భాగం పాతది, రాతి గోడలు, పైకప్పుకు బేతంచెర్ల నాపరాళ్లు. పై అంతస్తు తర్వాత కట్టినది. కింద హాలుకు, దానికి ఆనుకున్న పడకగదికి కలిపి ఒక 3 టన్నుల డక్టబుల్ (డక్టుల గుండా గదులకు గాలి పంపే) ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే) ఏసీ పెట్టించుకున్నారు. గాలి వదిలే ఇన్‌డోర్ యూనిట్ హాలు ఫాల్స్ సీలింగ్ లోపల ఉంటుంది, ఔట్‌డోర్ యూనిట్ పై మిద్దె మీద ఉంటుంది. సింగిల్ ఫేజ్ కరెంటు, లోపల తిరిగి చల్లబరిచేది ఆర్410ఏ గ్యాస్.

ఔట్‌డోర్‌ను ఇంటి పక్క సందులో పెడితే కాపర్ లైను 9 మీటర్లలో అయిపోయేది. అలా ఎందుకు పెట్టలేదని అడిగితే ఇంటి పెద్దాయన 2009 అక్టోబరు వరద గుర్తుచేశారు. తుంగభద్ర, హంద్రీ నీళ్లు పట్టణంలోకి వచ్చిన ఆ రోజుల్లో ఆ ఇంట్లో కింది గదులు మునిగాయి. ఆ తర్వాత విలువైన యంత్రమేదీ నేల మీద పెట్టకూడదని ఆ కుటుంబం నిర్ణయించుకుంది. నాకు ఆ నిర్ణయంలో తప్పేమీ కనిపించలేదు. అయితే దానివల్ల కాపర్ లైను 22 మీటర్లయింది, ఔట్‌డోర్ ఇన్‌డోర్ కంటే సుమారు 8 మీటర్ల ఎత్తుకు వెళ్లింది, ముందు వరండాలోని బోర్డు నుంచి మిద్దె దాకా కరెంటు వైరు 34 మీటర్లయింది. దూరం పెరిగినప్పుడు వైరు మందం, పైపు వంపులు, గ్యాస్ తూకం అన్నీ మళ్లీ లెక్క కట్టుకోవాలి. ఇక్కడ 5 మీటర్ల పనికి వాడే సామానుతోనే 30 మీటర్ల పని చేశారు.

వచ్చిన ఫిర్యాదు

మేము వెళ్లింది మే నెలలో. మధ్యాహ్నం 2 గంటల దాకా చల్లదనం పరవాలేదనీ, ఆ తర్వాత తగ్గుతుందనీ, సాయంత్రం 7 దాటాక మిషన్ ఆగి ఆగి నడుస్తుందనీ, కొన్ని రాత్రులు రిమోట్ మీద ఇన్‌డోర్, ఔట్‌డోర్ మధ్య సమాచారం తెగిందన్న ఎర్రర్ కోడ్ వస్తుందనీ చెప్పారు. తెల్లవారుజామున మళ్లీ ఏమీ జరగనట్టు నడిచేది. దీనికి తోడు ఫాల్స్ సీలింగ్‌లో ఒక మూల తడి మచ్చ.

అంతకుముందు వచ్చినవారు రెండుసార్లు గ్యాస్ నింపారు. ఎంసీబీ (లోడు మించితే తానే కరెంటు ఆపే స్విచ్) పడిపోతోందని 20 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెట్టారు. చివరికి పెద్ద స్టెబిలైజర్ కొనమని చెప్పి వెళ్లారు. తడి మచ్చకు డ్రెయిన్ పైపు కారణమని చెప్పి దాన్ని మార్చారు, మచ్చ మాత్రం పోలేదు.

మొదట గేజ్ ఎందుకు తగిలించలేదు

మా పనిలో ఏసీ చల్లగా లేదనగానే చేయి గ్యాస్ ప్రెజర్ కొలిచే గేజ్ వైపు వెళ్తుంది. ఈ కేసులో నేను దాన్ని కావాలనే వెనక్కి నెట్టాను. ఫిర్యాదు గడియారాన్ని పట్టుకుని నడుస్తోంది. గ్యాస్ కారిపోతే తెల్లవారుజామున తిరిగి రాదు కదా. మధ్యాహ్నం ఎండ ఎక్కినప్పుడు ఒక లక్షణం, సాయంత్రం ఊళ్లో లోడు పెరిగినప్పుడు ఇంకొక లక్షణం కనిపిస్తున్నాయంటే, ముందు వోల్టేజీ చూడటమే న్యాయం. పైగా గేజ్ తగిలించి తీసిన ప్రతిసారీ కొంత గ్యాస్ పోతుంది, జాగ్రత్త లేకపోతే గొట్టాల్లోని గాలి లోపలికి వెళ్తుంది. కరెంటు సరిగా లేని మిషన్‌లో ప్రెజర్ చదివినా ఆ అంకె దేనివల్ల వచ్చిందో తేల్చలేము.

అందువల్ల సాయంత్రం కంప్రెసర్ పూర్తి వేగంలో నడుస్తుండగా కొలతలు తీశాము. వరండా బోర్డులో 207 వోల్టులు ఉంటే ఔట్‌డోర్ టెర్మినళ్ల దగ్గర 189 వోల్టులే ఉన్నాయి. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో 18 ఆంపియర్లు. ఈ మోడల్‌కు కంపెనీ పుస్తకంలో రాసిన హద్దు 198 నుంచి 264 వోల్టులు. అంటే ఇంటికి వస్తున్న వోల్టేజీ తక్కువే అయినా హద్దు లోపల ఉంది, మిద్దెకు చేరేసరికి హద్దు దాటి కిందికి పోయింది. దారిలో 18 వోల్టులు ఎక్కడ పోయాయన్నది తేలాలి.

వేసిన వైరు 2.5 స్క్వేర్ ఎంఎం కాపర్. దీని రెసిస్టెన్స్ 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు సుమారు 8 ఓమ్‌లు. ఫేజ్, న్యూట్రల్ కలిపి 68 మీటర్ల దారిలో 18 ఆంపియర్లు పోతే 10 వోల్టులకు కాస్త తక్కువ పడిపోతుంది. కానీ మే నెలలో మిద్దె మీది పైపులో నిండు లోడుతో నడిచే వైరు 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కాబట్టి 11 వోల్టులు అనుకోవాలి. ఆ లెక్క తీసేస్తే ఇంకా 7 వోల్టులు మిగిలాయి. 7 వోల్టులు, 18 ఆంపియర్లు అంటే 126 వాట్లు. అంత వేడి ఏదో ఒక జాయింటు దగ్గర పుడుతోందన్నమాట.

అది ఫేజ్‌లో ఉందా, న్యూట్రల్‌లో ఉందా అని గోడంతా తవ్వకుండానే తెలుసుకునే దారి ఒకటుంది. ఔట్‌డోర్ దగ్గర న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 13 వోల్టులు చూపింది. బోర్డు దగ్గర అదే కొలత అర వోల్టు. వైరు వల్లే పడితే న్యూట్రల్ వంతుగా ఐదున్నర వోల్టులు రావాలి. మిగతా 7 వోల్టులూ న్యూట్రల్ దారిలోనే ఉన్నాయి. ఎర్త్ వైరు తెగకుండా ఉందని ముందే చూసుకున్నాము, లేకపోతే ఈ కొలతకు అర్థం ఉండదు. ఆ తర్వాత దారిలోని పెట్టెలు మూడింటిని విప్పాము. మెట్ల కింద, పాత రాతి గోడ నుంచి కొత్త గోడలోకి పైపు మారే చోట ఉన్న పెట్టెలో న్యూట్రల్ తీగలను చేత్తో మెలివేసి టేపు చుట్టారు. టేపు బొగ్గులా నల్లబడి, ముట్టుకుంటే పొడి రాలింది. లోపలి రాగి ఊదా, నలుపు రంగులకు తిరిగింది.

ఇక్కడే ఎంసీబీ సంగతి అర్థమైంది. సాధారణంగా ఎంసీబీలను 30 డిగ్రీల దగ్గర సరిచూసి అమ్ముతారు. మే సాయంత్రం వరండాలో మూసిన పెట్టె లోపల 50 డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పుడు 20 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లను గంటల తరబడి మోయలేక పడిపోతుంది. దాని పని అది సరిగానే చేసింది. దాన్ని తీసేసి 32 పెట్టడంతో 2.5 వైరుకు కాపలా లేకుండా పోయింది, మెలివేసిన జాయింటు నిశ్చింతగా కాలింది. మొత్తం కేసులో నన్ను నిజంగా భయపెట్టింది ఈ ఒక్క పనే. పాత దూలాలున్న ఇల్లయి ఉంటే సంగతి వేరుగా ఉండేది.

స్టెబిలైజర్ ఎందుకు వద్దన్నానంటే, దాన్ని పెట్టబోయేది వరండాలో, లోపం ఉన్నది దాని తర్వాత. వరండాలో 230 చేసి పంపినా కాలుతున్న జాయింటు అక్కడే ఉంటుంది. పైగా ఇన్వర్టర్ కంప్రెసర్ తనకు కావలసిన వాట్లను ఎలాగైనా లాక్కుంటుంది, వోల్టేజీ తగ్గిన కొద్దీ ఆంపియర్లు పెంచుకుంటుంది. ఆంపియర్లు పెరిగితే వైరులో డ్రాప్ పెరుగుతుంది, డ్రాప్ పెరిగితే ఆంపియర్లు మళ్లీ పెరుగుతాయి. ఈ చక్రాన్ని తెంచేది వైరు మందమే. స్టెబిలైజర్ డబ్బుతో వైరు వేద్దామని చెబితే ఇంటివారు ఒప్పుకున్నారు.

4 స్క్వేర్ ఎంఎం వేయాలా, 6 వేయాలా అన్నది తర్వాతి ప్రశ్న. కంపెనీ పుస్తకం 4 చాలంటుంది. ఈ దూరానికి వేడి లెక్కతో 4 వేస్తే ఏడు వోల్టులకు పైగా, 6 వేస్తే ఐదు వోల్టుల లోపు పడుతుంది. సాయంత్రం బోర్డులోనే 205 దగ్గర ఉండే వీధిలో ఆ రెండు మూడు వోల్టులే హద్దుకు ఈవల ఉంచుతాయి కాబట్టి 6 ఎంచుకున్నాము. ఔట్‌డోర్ టెర్మినల్‌లో 6 వైరు సరిగా పట్టదు. కొందరు తీగ పోగులు కొన్ని కత్తిరించి దూరుస్తారు, ఆ పని ఎప్పుడూ చేయకూడదు. మిద్దె మీద నీళ్లు దూరని ఐసోలేటర్ పెట్టి అక్కడిదాకా 6, అక్కడి నుంచి మీటరు దూరం 4 ఫ్లెక్సిబుల్ వైరు, రెండు కొసలకూ క్రింప్ చేసిన లగ్గులు. దారిలో ఎక్కడా జాయింటు లేదు. ఎంసీబీ కంపెనీ చెప్పిన 25 ఆంపియర్ల సీ రకం. ఎర్త్‌కు విడిగా వైరు లాగి ఔట్‌డోర్ బాడీకి, ఇన్‌డోర్ బాడీకి రెండింటికీ బిగించాము.

ఆ సాయంత్రం బోర్డులో 206, మిద్దె మీద 201, కరెంటు 17 ఆంపియర్లు. ఆగి ఆగి నడవడం పోయింది.

సగమే తీరింది

చల్లదనం మాత్రం రాలేదు. రిటర్న్ గాలి 29 డిగ్రీలు ఉంటే, డక్టు నుంచి వచ్చేది 22. ఈ యూనిట్‌లో నిండు లోడు మీద 11, 12 డిగ్రీల తేడా రావాలి. మూడు నాలుగు గంటలు వరసగా నడిచాక ఆ ఎర్రర్ కోడ్ కూడా మళ్లీ వచ్చింది. వోల్టేజీ హద్దులో ఉండగా వచ్చింది కాబట్టి ఇప్పుడు దాని కారణం వేరే అని తేటతెల్లమైంది. ముందు వైరు సరిచేయడం వల్ల కలిగిన అసలు లాభం ఇదే. ఇప్పుడు తీసే ప్రతి కొలతనూ నమ్మవచ్చు.

ఎర్రర్ సంగతి ముందు చూశాము. ఈ మోడల్‌లో ఇన్‌డోర్, ఔట్‌డోర్ మధ్య ఫేజ్, న్యూట్రల్‌తో పాటు మూడో తీగ మీద సిగ్నల్ నడుస్తుంది. ఆ సిగ్నల్‌కు న్యూట్రలే ఆధారం. ఎర్రర్ రాగానే పవర్ తీసి, ఇన్వర్టర్ బోర్డులోని కెపాసిటర్లు డిశ్చార్జి అయ్యేదాకా ఆగి, రెండు కొసల్లోనూ తీగలు విప్పి, అప్పుడు తీగల మధ్య ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టాము. విప్పకుండా 500 వోల్టుల మెగ్గర్ పెడితే రెండు యూనిట్లలోని ఎలక్ట్రానిక్ బోర్డులూ (పీసీబీలు) పోతాయి. సిగ్నల్ తీగకూ న్యూట్రల్‌కూ మధ్య 0.05 మెగాఓమ్ వచ్చింది. మర్నాడు మిషన్ వేయకముందు అదే కొలత 20 మెగాఓమ్‌లు దాటింది. ఆగినప్పుడు ఆరిపోయి, నడిచినప్పుడు తడిసే జాయింటు ఎక్కడో ఉందన్నమాట. తడి మచ్చ పైన ఫాల్స్ సీలింగ్ ఒక పలక విప్పితే దొరికింది. పొడవు చాలక అతికించిన కేబుల్ జాయింటు చల్లటి గ్యాస్‌ను ఔట్‌డోర్‌కు తిరిగి తీసుకెళ్లే సక్షన్ పైపు మీద నేరుగా కూర్చుని ఉంది. పైపుకు చుట్టిన తెల్లటి నురగ ఇన్సులేషన్‌ను టేపుతో బిగించి బిగించి సగం మందానికి నొక్కేశారు, ఒకచోట రెండు ముక్కల మధ్య వేలు పట్టేంత సందు వదిలేశారు. ఆ సందులో రాగి పైపు చెమర్చి బొట్లు బొట్లుగా జాయింటు మీదికి కారుతోంది. డ్రెయిన్‌లో బిందెడు నీళ్లు పోసి చూస్తే చుక్క నిలవకుండా బయటికి పోయాయి. డ్రెయిన్‌ను మార్చినవారు ఈ పరీక్ష చేసి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

పైపు లోపం వైరు లోపంగా ఎలా కనిపిస్తుందో ఆ సీలింగ్ కింద నిలబడి చూశాము. పైపు లోపం వైరును ఇంకొక దారిలో కూడా దెబ్బతీసిందని ఆ తర్వాత తేలింది.

గేజ్ తగిలించిన రోజు

బయట 41 డిగ్రీలున్న మధ్యాహ్నం గేజ్ పెట్టాము. సక్షన్ వైపు ప్రెజర్ 95 పీఎస్‌ఐ, అంటే ఇన్‌డోర్ కాయిల్ సున్నా డిగ్రీలకు కాస్త కింద ఉంది. ముందు వచ్చినవారు ఈ ఒక్క అంకె చూసే గ్యాస్ తక్కువని తేల్చి ఉంటారు. రెండో వైపు ప్రెజర్ (హెడ్ ప్రెజర్) 507 పీఎస్‌ఐ ఉంది, అంటే ఔట్‌డోర్‌లోని కాయిల్ అయిన కండెన్సర్‌లో గ్యాస్ 57 డిగ్రీల దగ్గర ద్రవమవుతోంది. బయటికి వచ్చే లిక్విడ్ పైపు మీద థర్మామీటరు 44 చూపింది. ఈ రెంటి తేడా, మేము సబ్‌కూలింగ్ అనేది, 13 డిగ్రీలు. ఈ యూనిట్‌కు 5 నుంచి 8 మధ్య ఉండాలి. గ్యాస్ నిజంగా తక్కువైతే కండెన్సర్‌లో ద్రవం నిలవదు, ఈ తేడా సున్నా వైపు జారుతుంది. సక్షన్ తక్కువగానూ సబ్‌కూలింగ్ ఎక్కువగానూ ఉందంటే కండెన్సర్‌లో గ్యాస్ పేరుకుపోయి ఉంది, దారిలో ఏదో అడ్డు ఉంది.

అడ్డు ఎక్కడో చేతికి అందిన ప్రతిచోటా పైపు వేడి కొలిచి వెతికాము. ఈ మోడల్‌లో ద్రవం ప్రెజర్ తగ్గించి చల్లబరిచే ఎక్స్‌పాన్షన్ వాల్వు ఇన్‌డోర్ దగ్గర ఉంటుంది కాబట్టి లిక్విడ్ లైను కొస దాకా వెచ్చగానే ఉండాలి. వాల్వు ఔట్‌డోర్‌లోనే ఉండే మిషన్లలో సన్న పైపు మొదటి నుంచే చల్లగా ఉంటుంది, వాటికి ఈ పరీక్ష పనికిరాదు. ఇక్కడ ఔట్‌డోర్ దగ్గర 44, మిద్దె రంధ్రంలోకి దిగే చోట 43, కింద ఫాల్స్ సీలింగ్‌లో బయటపడే చోట 32. కనిపించని ఆ ముక్కలోనే 11 డిగ్రీలు పడిపోయాయి. వాల్వు దగ్గర చెవి పెడితే సన్నటి ఈల వినిపించింది, ద్రవంతో పాటు బుడగలు వస్తున్నప్పుడు అలాగే వినిపిస్తుంది.

పూత కొట్టి చూస్తే, నాపరాయికి గునపంతో పొడిచిన రంధ్రంలో పైపును చేత్తో వంచి దూర్చారు. రాయి అంచు మీద 3/8 అంగుళాల పైపు నొక్కుకుపోయి చిక్కుడుకాయలా చపటగా అయింది.

ఇప్పుడు మొత్తం కథ ఒక వరసలోకి వచ్చింది. పైపు నొక్కుకుపోవడం వల్ల సక్షన్ తగ్గింది. అది చూసి గ్యాస్ నింపారు. నింపిన గ్యాస్ అడ్డు దాటలేక కండెన్సర్‌లో చేరింది. హెడ్ ప్రెజర్ పెరిగింది, కంప్రెసర్ ఎక్కువ ఆంపియర్లు లాగింది, సన్న వైరులో వోల్టేజీ ఇంకా పడింది, ఎంసీబీ పడింది, దాన్ని పెద్దది చేశారు, జాయింటు కాలింది. మిషన్‌లోని గ్యాస్‌ను రికవరీ మిషన్‌తో సిలిండర్‌లోకి లాగి తూకం వేస్తే ఈ వరసకు సాక్ష్యం దొరికింది. నేమ్‌ప్లేటు ప్రకారం 2.9 కిలోలు 7.5 మీటర్ల లైనుకు సరిపోతాయి, ఆపైన మీటరుకు 50 గ్రాములు. 22 మీటర్లకు 3.625 కిలోలు ఉండాలి. సిలిండర్‌లోకి 4.3 కిలోలు వచ్చాయి, సుమారు 675 గ్రాములు ఎక్కువ. గ్యాస్‌ను గాలిలోకి వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. ఆర్410ఏ ఒక కిలో 2 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుందన్నది ఒక కారణమైతే, వదిలేస్తే ఇలాంటి సాక్ష్యం కూడా గాలిలో కలిసిపోతుందన్నది రెండోది.

నొక్కుకుపోయిన ముక్క మార్చడంతో సరిపోలేదు

ఫాల్స్ సీలింగ్ మొత్తం విప్పడానికి ఇంటివారు సహజంగానే ఇష్టపడలేదు. చెడిన ముక్క కోసేసి, మిగతా లైను ఉంచవచ్చా అని చూశాము. కోసిన పైపు లోపల నల్లటి పొర కనిపించింది. బ్రేజింగ్ (మంటతో పైపులు అతకడం) చేసేటప్పుడు పైపులోకి నైట్రోజన్ పోనివ్వకపోతే లోపలి గాలితో రాగి మండి కాపర్ ఆక్సైడ్ పొరలు కడుతుంది. తర్వాత అవి ఊడి వచ్చి వాల్వు ముందున్న జల్లెడలో చేరతాయి. పైపు ఒక కొస నుంచి నైట్రోజన్ ఊది, రెండో కొసకు తెల్ల గుడ్డ కట్టాము. గుడ్డ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల రవ్వలు పడ్డాయి. గుడ్డ మార్చి ఊదినా పడ్డాయి, ఇంకా మార్చినా పడ్డాయి. ఆ గుడ్డలను ఇంటివారి ముందు పరిచాక పాత లైను ఉంచే మాట ఆగిపోయింది. ఇన్‌డోర్ వాల్వు ముందున్న జల్లెడ విప్పి శుభ్రం చేసి, తేమను, చెత్తను పట్టే ఫిల్టర్ డ్రయర్ కొత్తది పెట్టాలని నిర్ణయించాము.

కొత్త లైను

రాతి గోడ లోపలి నుంచి కాకుండా బయటి నుంచి దారి మార్చాము. పొడవు 26 మీటర్లకు పెరిగినా ప్రతి వంపూ కంటికి కనిపిస్తుంది, రేపు ఎవరైనా చూడగలరు. గోడ దాటే ఒక్కచోట గునపం వాడకుండా కోర్ కట్టర్‌తో గుండ్రంగా కోసి, పీవీసీ స్లీవ్ బయటికి వాలు పెట్టి దూర్చాము. వంపులన్నీ బెండర్‌తో వేసినవే. ఔట్‌డోర్ పైన ఉంది కాబట్టి సక్షన్ పైపు నిలువుగా ఎక్కేచోట కింద ఒకటి, మధ్యలో ఒకటి ఆయిల్ ట్రాప్ (ఆయిల్ కంప్రెసర్‌కు తిరిగి ఎక్కడానికి వేసే పైపు వంపు) పెట్టాము. పాత లైనులో అవి లేవు, పైగా సీలింగ్‌లో పైపు ఊయలలా వేలాడి ఆయిల్ నిలిచే పల్లం ఏర్పడింది. బ్రేజింగ్ సాగినంతసేపూ సన్నగా నైట్రోజన్ వదిలాము. పైపు కొసలను యూనిట్లకు పట్టి ఉంచే ఫ్లేర్ నట్లను బిగువు కొలిచే టార్క్ స్పానర్‌తో, 3/8 నట్టును కంపెనీ చెప్పిన 34 నుంచి 42 న్యూటన్ మీటర్ల మధ్య బిగించాము. చేతి అంచనాతో బిగిస్తే వదులుకంటే ఎక్కువ బిగువే ప్రమాదం, ఫ్లేర్ పలచబడి ఎండకాలం మధ్యలో పగులుతుంది.

సక్షన్‌కు 19 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు ఇన్సులేషన్, అతుకులన్నీ గమ్‌తో. టేపు వదులుగా చుట్టాము. మిద్దె మీది భాగానికి అల్యూమినియం రేకు తొడిగాము, లేకపోతే మన ఎండకు రబ్బరు పగిలిపోతుంది, మిగిలింది ఎలుకలు, కోతులు చూసుకుంటాయి. కేబుల్‌ను పైపుతో కలిపి చుట్టకుండా ఒక జానెడు ఎడంగా విడి పీవీసీ పైపులో, జాయింటు లేకుండా ఒకే పొడవుగా లాగాము.

వాల్వులు మూసి ఉంచి లైనులో సాయంత్రం 400 పీఎస్‌ఐ నైట్రోజన్ నిలిపాము. తెల్లవారి పెద్దాయన గేజ్ చూసి, "రాత్రి నాలుగునూర్లు పెట్టినారు, ఇప్పుడు మున్నూటా ఎనబై నాలుగే ఉండాది, లీకే కదప్పా?" అని ఫోన్ చేశారు. ఆయన అనుమానం సరైనదే, చాలామంది టెక్నీషియన్లు ఇంత శ్రద్ధగా చూడరు. సాయంత్రం పైపు 40 డిగ్రీలు, తెల్లవారి 28. మూసిన పాత్రలో నైట్రోజన్ ప్రెజర్ దాని వేడిని బట్టి దిగుతుంది. గేజ్ అంకెకు వాతావరణ ప్రెజర్ 14.7 కలిపి, 313 కెల్విన్ నుంచి 301కి లెక్క కడితే 384 రావాలి. సరిగా అంతే ఉంది. సాయంత్రం పైపు మళ్లీ 40కి చేరగానే ముల్లు 400 మీదికి వచ్చింది. అప్పుడే లైనులోని గాలి, తేమ లాగేసే వ్యాక్యూమ్‌కు దిగాము.

వ్యాక్యూమ్ పంపు ఎంతసేపు తిరిగిందన్నది లెక్కలోకి రాదు, లోపల మిగిలిన ప్రెజర్‌ను కొలిచే మైక్రాన్ గేజ్ ఏమి చెప్పిందన్నదే వస్తుంది. 500 మైక్రాన్ల లోపుకు దించి పంపు మూసేస్తే మొదటిసారి పెరిగి పెరిగి 1400 దగ్గర నిలిచిపోయింది. లీకయితే ఆగకుండా ఎక్కుతుంది. ఒకచోట నిలిచిందంటే లోపల తేమ ఉంది, తెరిచి ఉంచిన ఇన్‌డోర్ కాయిల్‌లో చేరి ఉంటుంది. ఈ మిషన్లలోని ఆయిల్ తేమను పీల్చుకుని ఆమ్లంగా మారుతుంది కాబట్టి దాన్ని వదలకూడదు. పొడి నైట్రోజన్ నింపి, వదిలి, మళ్లీ లాగాము. రెండు విడతల తర్వాత 600 దగ్గర కదలకుండా నిలిచింది.

గ్యాస్ తూకంతో నింపాము. 2.9 కిలోలకు, 18.5 మీటర్ల అదనపు లైనుకు 925 గ్రాములు కలిపి 3.825 కిలోలు. ఆర్410ఏ రెండు గ్యాసుల మిశ్రమం కాబట్టి సిలిండర్ నుంచి ద్రవంగానే తీసుకోవాలి. లాగిన పాత గ్యాస్‌ను తిరిగి వాడలేదు.

42 డిగ్రీల మధ్యాహ్నం తీసిన కొలతలివి: సక్షన్ 128 పీఎస్‌ఐ, హెడ్ 445, సబ్‌కూలింగ్ 7 డిగ్రీలు, లిక్విడ్ పైపు ఔట్‌డోర్ దగ్గర 45, ఇన్‌డోర్ దగ్గర 43. రిటర్న్ 27, సప్లై 15. కరెంటు 15.2 ఆంపియర్లు, అంటే మొదట చూసిన 18 కంటే దాదాపు మూడు ఆంపియర్లు తక్కువ.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

లైను 15 మీటర్లు దాటే ప్రతి ఇంట్లో ఇప్పుడు పైపు దారి, పవర్ వైరు దారి, సిగ్నల్ కేబుల్ దారి, డ్రెయిన్ దారి నాలుగూ ఒకే కాగితం మీద గీసి, మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కు, ఫాల్స్ సీలింగ్ వాళ్లకు ఒకే ప్రతి ఇస్తున్నాము. ఈ ఇంట్లో నలుగురూ ఎవరి పని వారు విడివిడిగా చేసుకుపోయారు. కేబుల్ జాయింటు పైపు మీదికి రావడం ఎవరి తప్పూ కాకుండా పోయింది.

"గ్యాస్ తక్కువ" అన్న మాట సబ్‌కూలింగ్ కొలవకుండా అనకూడదని మా కుర్రవాళ్లకు నియమం పెట్టాము. ఒక్క సక్షన్ గేజ్ చూసి గ్యాస్ నింపడం ఇంటివారికి చవకగా కనిపిస్తుంది, ఎక్కువమంది దానికే అలవాటుపడ్డారు. తూకం వేసి నింపిన గ్యాస్ బరువు, లైను పొడవు, ఆనాటి వోల్టేజీ, ఆంపియర్లు ఔట్‌డోర్ మూత లోపల స్టిక్కర్ మీద రాసిపెడుతున్నాము. తర్వాత వచ్చేది మేమే కానక్కర్లేదు.

ఎంసీబీ పడిపోతే పెద్దది పెట్టమని అడిగే ఇంటివారికి ముందు ఆ సర్క్యూట్‌లోని అతి సన్న వైరు ఏదో చూపిస్తున్నాను. అది చూశాక మళ్లీ అడిగినవారు తక్కువ.

ఆ ఇంట్లో తీరకుండా మిగిలిపోయింది ఒకటుంది. ఇన్‌డోర్ కింద ఫాల్స్ సీలింగ్‌లో రెండడుగుల చదరపు తలుపు పెట్టమన్నాము. హాలు అందం చెడుతుందని అడుగున్నర దగ్గర ఆగిపోయారు. అందులోంచి ఫిల్టరు వస్తుంది, డ్రెయిన్ ట్రే రాదు. ట్రే తీయాల్సి వచ్చిన రోజు రెండు పలకలు విప్పక తప్పదని బిల్లు మీద రాసి సంతకం తీసుకున్నాము.